పరాయివాడు సంఘము స్థాపింపవచ్చునా?

వైద్యవిద్య నభ్యసింపగోరు విద్యార్థులకు ఒక సంఘముండుట మంచిదని యందఱును అంగీకరింతురు. కాని విశ్వవిద్యాలయమున విద్యార్థియు గాక, ఉపాధ్యాయుడును గాక, బయటనున్న యొకడు అట్టి సంఘమును స్థాపింపబూనుట యుక్తమా? ఈ పాఠశాల పూర్వవిద్యార్థినై, అమెరికాలో నొక చిన్న పట్టణపు వైద్యశాలయందలి ప్రయోగశాలలో పనిచేయుచున్న నాకు ఈ ప్రశ్న స్వానుభవమున నెదురైనది. నా యభిప్రాయమును చదువరుల ముందుంచుచున్నాను.

మన దేశమున ఇంటర్మీడియటు ముగించి, నీట్ పరీక్షలో తగిన స్థానము పొందినవారు వైద్యకళాశాలలో ప్రవేశింతురు. అమెరికాలో నట్లు గాదు. అచ్చట సాధారణముగా నాలుగేండ్లు చదివి పట్టము పొందిన పిమ్మటనే వైద్యకళాశాలలో ప్రవేశము. ప్రీ-మెడికల్ అనునది యొక సిద్ధపాటేగాని పట్టము గాదు. చరిత్రగాని సంగీతముగాని ప్రధానముగా చదివినవాడైనను జీవ, రసాయన, భౌతిక శాస్త్రములందు విధింపబడిన పాఠములు ముగించి, ఎమ్‌క్యాట్ అను పరీక్ష వ్రాయవలెను. వైద్యుల వెంటనుండి వారి పనిని గమనించుట, రోగులకు సేవచేయుట, ఆచార్యుల సిఫారసు లేఖలు సంపాదించుట, ఇవియు ప్రవేశమునకు ముఖ్యములే.

వైద్యుని బిడ్డకు ఈ సంగతులన్నియు ఇంటనే తెలియును. వంశమున మొదటిసారిగా కళాశాల మెట్లెక్కిన కూలివాని బిడ్డకు ఎవరు చెప్పుదురు? పేదవిద్యార్థులకు పరీక్షారుసుమును తగ్గించు పథకమును అమెరికా వైద్యకళాశాలల సంఘము నడుపుచున్నది. కాని అది యున్నదని యెఱుగనివానికి లేనట్టే గదా! సంఘము ముఖ్యముగా నిట్టివారికి కావలయును.

మా వైద్యశాలకు సేవకై వచ్చు నలుగురు విద్యార్థులు తమ యక్కఱలను నాతో చెప్పుకొనగా, నేనొక సంఘమును స్థాపింతునని యుత్సాహపడితిని. నియమావళి వ్రాసితిని, అధ్యక్షపదవికి నా పేరే వ్రాసికొంటిని. విశ్వవిద్యాలయపు కార్యాలయమువారు దానిని త్రిప్పిపంపిరి. అందు చదువుచున్న విద్యార్థులే కార్యనిర్వాహకులుగా నుండవలెననియు, అధ్యాపకులలో నొకరు సలహాదారుగా నుండవలెననియు వారి నియమము. మేలు చేయవచ్చినవానికి తలుపు మూసిరని నొచ్చుకొంటిని. కొన్ని దినములు ఆలోచించిన పిదప పొరపాటు నాదేయని తోచినది.

ఏలయనగా, విద్యార్థి నాలుగేండ్లలో వెడలిపోవును, బయటివాడు నిలిచియుండును. అధికారము వాని చేతనున్నచో సంఘము క్రమముగా వాని సొత్తగును. విద్యార్థులు శ్రోతలుగా మిగులుదురు. పరీక్షాశిక్షణ నమ్ముకొనువాడు సైతము సేవ యను పేరుతో సంఘమును స్థాపింపవచ్చును. మంచివాని నొకనిని, లాభాపేక్ష గలవాని నొకనిని ముఖము చూచి గుర్తించుట యెవరికి సాధ్యము? కావున నియమము అందఱికి నొకటే కావలెను.

అట్లని బయటివారి తోడ్పాటు వలదనుట గాదు. 1964లో హోవర్డు, మెహారీ వైద్యకళాశాలల నల్లజాతి విద్యార్థులు స్థాపించిన జాతీయ సంఘము, తరువాత వైద్యవిద్యకు సిద్ధపడు పిన్నలకొఱకు కళాశాలలలో శాఖల నేర్పరచినది. దారి తెలిసిన పెద్దలు చేయూత నిచ్చుచున్నారు. శాఖను నడుపువారు మాత్రము ఆ కళాశాల విద్యార్థులే. ఇదియే సరియైన పద్ధతి యని నా విశ్వాసము.

ఆ నలుగురే మరల దరఖాస్తు పెట్టగా అనుమతి లభించినది. నేను వైద్యులను పరిచయము చేయుదును. రోగుల రహస్యములను కాపాడు 1996 నాటి చట్టమును వివరింతును. ధనము ముట్టను, ఓటు వేయను, పిలిచిననాడే పోవుదును. మొదటి యుపన్యాసమునకు నేను సూచించిన వైద్యుని వారు కాదని, మఱియొకరిని పిలిచిరి. మనస్సు కొంచెము చివుక్కుమన్నది. కాని ఆ దినముననే సంఘము నిజముగా పుట్టినదని గ్రహించితిని.

సోదర విద్యార్థులారా! మీలో కొందఱు రేపు దూరదేశములందు గాని, మన జిల్లాలందే గాని, వెనుక వచ్చువారికి సాయపడగల స్థితికి వత్తురు. అప్పుడు మీరు దాటిన రేవును వారికి చూపుడు. తెడ్డు మాత్రము వారి చేతికే యిండు.