పంతులమ్మకు కావలసిన చదువు

మా చదువరులలో అనేకులు తమ బిడ్డలను ఇంగ్లీషు మాధ్యమపు బడులకు పంపుచున్నారు. కొందరు స్వయముగా అట్టి బడులలో బోధించుచున్నారు. కావున ఈ మాసము బిడ్డల చదువును గాక, బిడ్డలకు చదువు చెప్పువారి చదువును గూర్చి ముచ్చటింపదలచితిమి. ఇంట ఇంగ్లీషు వినని బిడ్డకు ఇంగ్లీషులో లెక్కలును శాస్త్రమును బోధించుట, ఇంగ్లీషు వచ్చినంతమాత్రమున సాగెడి పని కాదు. అది వేరొక విద్య. ఆ విద్యను ఉపాధ్యాయినికి ఎవరు నేర్పుచున్నారు, ఎన్ని దినములు నేర్పుచున్నారు, నేర్చుకొనుటకు ఆమెకు తీరిక యెక్కడిది అని మనము అడుగుట అరుదు.

ఆంధ్రప్రదేశమున 2019 నవంబరులో ప్రభుత్వపు బడులన్నిటను ఇంగ్లీషు మాధ్యమము ప్రవేశపెట్టవలెనని ఉత్తరువు వెలువడినది. 2020 ఏప్రిలులో ఉన్నత న్యాయస్థానము దానిని కొట్టివేసినది. అయినను ఆ యేడే ఒక పుట తెలుగు, ఎదుటి పుట ఇంగ్లీషుగా నుండు పాఠ్యపుస్తకములు బిడ్డల చేతికి వచ్చినవి. తెలంగాణమున 2022లో ఇట్టి మార్పే మొదలైనది. ఏ మాధ్యమము మేలు అను తగవులోనికి మేమిప్పుడు దిగము. దానిని గూర్చి మాటలాడువారికి కొదువ లేదు. ఇరువదియేండ్లు తెలుగులో చక్కగా శాస్త్రము బోధించిన పంతులమ్మ, వేసవి సెలవులు గడచి వచ్చునప్పటికి అదే పాఠమును ఇంగ్లీషులో చెప్పవలసివచ్చినచో ఏమగును? ఇదియే మా విచారము.

ఆమె మొదట తెలిసికొనవలసినది మన భాషయే. బిడ్డ ‘హీ డాక్టర్’ అని వ్రాసినచో అది మందబుద్ధి గాదు. ‘ఆయన డాక్టరు’ అను మాటలో మనకు క్రియ అక్కరలేదు గదా! ‘ఐ రైస్ ఈట్’ అన్నచో మన వాక్యమున క్రియ తుదకు వచ్చుటయే కారణము. ‘ఎ’, ‘ది’ అను చిన్న మాటలకు తెలుగున జోడు లేదు. మన మాటలు చాలవరకు అచ్చులతో ముగియును గనుక బస్ అనునది బస్సగును, పెన్ అనునది పెన్నగును. తప్పునకు మూలమెరిగిన పంతులమ్మ ఎఱ్ఱసిరాతో కొట్టివేసి ఊరకుండదు; రెండు వాక్యములను ప్రక్కప్రక్కన వ్రాసి భేదమును చూపును. ఎరుగని పంతులమ్మ ‘ఎన్నిమారులు చెప్పవలెను?’ అని కసరును.

రెండవది పాఠమును మలచు నేర్పు. నీరు ఆవిరియగుటను ఇంగ్లీషులో చెప్పవలెననుకొందము. పుస్తకములోని నిర్వచనమును వల్లె వేయించుట సులభము. బిడ్డ మరునాటికది మరచుటయు అంతకంటె సులభము. నేర్పరియగు ఉపాధ్యాయిని మేడమీద వడియములు ఎట్లెండునో, మబ్బు పట్టిన దినమున బట్టలు ఏల ఆరవో పిల్లలను తెలుగులోనే చెప్పనిచ్చును. అటు పిమ్మట మూడు నాలుగు ఇంగ్లీషు మాటలను బల్లపై వ్రాసి, వానితో తాము చెప్పినదానినే ఇంగ్లీషులో చెప్పుమనును. విషయము ముందే తెలిసినది గనుక బిడ్డ మాటలకొరకు మాత్రమే శ్రమపడును. తరగతిలో తెలుగు వినబడినదని ఆ పంతులమ్మపై ప్రధానోపాధ్యాయునితో ఫిర్యాదు చేయు తల్లులను మేమెరుగుదుము. సోదరీమణులారా, ఆ తొందర వలదు.

మరియొక చిన్న సంగతి. ప్రశ్న అడిగిన పిదప ఉపాధ్యాయులు సగటున ఒక సెకను మాత్రమే ఆగుచున్నారని అమెరికాలో మేరీ బడ్ రో అను విదుషి కనుగొని 1974లో ప్రకటించినది. మూడు సెకనులు ఆగినచో పిల్లల జవాబులు నిడివియగుచున్నవట! తన భాషలో ఆలోచించి పరభాషలోనికి మార్చుకొను బిడ్డకు ఆ రెండు సెకనులు ఎంత విలువైనవో చెప్పనక్కరలేదు. కాని ఊరకుండుట కూడ అభ్యాసముచే వచ్చెడి విద్యయే.

ఈ విద్య నేర్పు సంస్థలు మనకు లేకపోలేదు. 1958లో హైదరాబాదున స్థాపింపబడిన కేంద్ర ఆంగ్ల సంస్థ 2007లో విశ్వవిద్యాలయమైనది. బెంగుళూరులోని ప్రాంతీయ సంస్థ దక్షిణాది ఉపాధ్యాయులకు ముప్పది దినముల శిక్షణ నిచ్చుచున్నది. అయినను లక్షలకొలది ఉపాధ్యాయులు అచ్చటికి పోజాలరు. అందుచే కొందరికి నేర్పి, వారిచేత మరికొందరికి నేర్పించు పద్ధతి చిరకాలముగా నున్నది. మదరాసు రాష్ట్రమున 27,000 మంది ఉపాధ్యాయులకు ఇట్లే నేర్పబూనిరి. ఆ ప్రయత్నమును గూర్చి 1962లో ప్రకటితమైన వ్యాసమున దానిని దొర్లుచు పెరుగు మంచుముద్దతో పోల్చిరి. మాకు మాత్రము వేరొక పోలిక తోచుచున్నది. ఒక చెంబు మజ్జిగకు ఇంటింటను నీరు కలుపుచు పోయినచో తుది యింటివారికి దక్కునది రంగు నీరే. రాజధానిలో పాఠము చెప్పి చూపిన విద్య, మండలమునకు చేరునప్పటికి పటములు చూపి చదువు ఉపన్యాసముగా మారును.

2020 నాటి జాతీయ విద్యావిధానము ప్రతి ఉపాధ్యాయుడును ఏటేట 50 గంటలైన తన వృత్తివిద్యను పెంపొందించుకొనవలెనని చెప్పుచున్నది. అది అన్ని విషయములకును కలిపి. అమెరికాలోని ఫ్లోరిడాలో 1990లో న్యాయస్థానమునందు కుదిరిన ఒడంబడిక ప్రకారము, ఇంగ్లీషు రాని బిడ్డలకు భాష నేర్పు ఉపాధ్యాయులకు 300 గంటలు, లెక్కలు శాస్త్రము మున్నగునవి చెప్పువారికి 60 గంటలు, ఈ యొక్క పనికే శిక్షణ విధించిరి. చుట్టును ఇంగ్లీషు వినబడు దేశముననే అంత అవసరమైనచో, బడి గడప దాటగానే ఇంగ్లీషు మాయమగు మన పల్లెలలో ఎంత కావలెను?

గంటలు పెరిగినంతమాత్రమున చాలునని మా భావము గాదు. 1979 నుండి 1984 వరకు ఎన్. ఎస్. ప్రభుగారు బెంగుళూరు మున్నగుచోట్ల బడులలో చేసిన ప్రయోగము ప్రసిద్ధము. రైలు వేళల పట్టిక వంటివి ముందిడి, వ్యాకరణముపై గాక చేయవలసిన పనిపై పిల్లల దృష్టి నిలిపిరి. అది ఉపన్యాసశాలలో గాక, నిజమైన తరగతి గదులలో, నిజమైన పిల్లలతో జరిగినది. మన పంతులమ్మలకును ఇదియే దారి. తోటి ఉపాధ్యాయిని వెనుక బల్లపై కూర్చుండి పాఠము చూచి, సాయంకాలము ఇరువురును అరగంట మాటలాడుకొన్నచో, పదిదినముల ఉపన్యాసము చేయలేనిది అది చేయును. దోషములు వెదకు తనిఖీగా గాక స్నేహముగా జరిగిననే సుమా.

ఇక ఇంటి మాట. ఉపాధ్యాయినుల శిక్షణలో కొంత భాగము ఇప్పుడు ఫోనులోనికి వచ్చినది. పగలెల్ల బడి, సాయంకాలము వంట, రాత్రి అంట్లు. పాఠము ఫోనులో దానంతటది నడచుచుండును, ఆమె పొయ్యి దగ్గర నిలిచియుండును. తుదకు ధ్రువపత్రము వచ్చును, విద్య రాదు. మగ ఉపాధ్యాయుడు శిక్షణకు బెంగుళూరు పోవలెనన్న పెట్టె సర్దియిచ్చు ఇల్లే, కోడలు పోవలెనన్న ‘ముప్పది దినములే!’ అని ముక్కుపై వ్రేలిడును. వారమునకు నాలుగు సాయంకాలములు, ఒక్కొక్క గంట, ఆమె తలుపు వేసికొని చదువుకొనుటకు అత్తగారో భర్తయో వంటయింటి భారము వహించినచో, ఆ గంట నలుబది యిండ్ల బిడ్డలకు చెందును.

తల్లులు చేయదగినదియు ఒకటి కలదు. బిడ్డ బడినుండి రాగానే ‘ఇంగ్లీషులో ఏదైన మాటలాడుము’ అని చుట్టముల యెదుట నిలబెట్టకుడు. నాటి పాఠమును తెలుగులో చెప్పుమనుడు. చెప్పగలిగినచో ఇంగ్లీషు మాటలు నెమ్మదిగా వచ్చి చేరును. ఏ భాషలోను చెప్పలేకున్నచో, బడికి పోయి పంతులమ్మతో మాటలాడుడు. ఆమెకేమి శిక్షణ దొరకుచున్నదో కూడ మర్యాదగా అడుగుడు.

మా చదువరులలో ఉపాధ్యాయినులుగా నున్నవారు, తాము పొందిన శిక్షణలో తరగతి గదిలో నిజముగా పనికివచ్చినది ఏదో వ్రాసి పంపినచో, రాబోవు సంచికలో సంతోషముగా ప్రకటింతుము.