బేస్‌మెంట్ ఉంది కదా!

ఇక్కడ న్యూజెర్సీలో మనవాళ్ళ ఇళ్ళల్లో రోజూ వినబడే మాట ఒకటుంది. పాత సోఫా ఏం చేద్దాం? బేస్‌మెంట్ ఉంది కదా. ఇండియా నుంచి వచ్చిన ఖాళీ సూట్‌కేసులు? బేస్‌మెంట్ ఉంది కదా. పిల్లలు మొదలుపెట్టి వదిలేసిన కీబోర్డు, మావారు కొన్న ట్రెడ్‌మిల్లు, గృహప్రవేశానికి ఎవరో ఇచ్చిన నాలుగో కుక్కరు... అన్నిటికీ ఒకటే జవాబు. ఆ జవాబే ఇంకాస్త ముందుకెళ్ళి, "అమ్మావాళ్ళొస్తే ఎక్కడ పడుకుంటారు?" అన్న ప్రశ్నకి కూడా వచ్చేస్తోంది. నాకు నచ్చనిది అక్కడే.

ముందు ఆ మాట గురించి కాస్త చెప్పనివ్వండి. బీయే తెలుగు చదివినదాన్ని, ఊరుకోలేను. మన దగ్గర బేస్‌మెంట్ అంటే నేల కింద గది కాదు, నేల పైకి లేపిన పునాది గట్టు. "బేస్‌మెంట్ దాకా లేచింది" అన్నారంటే గోడలింకా మొదలవలేదని అర్థం. తెలంగాణలో ఇందిరమ్మ ఇళ్ళకి మొదటి విడత డబ్బులు పడేది ఆ బేస్‌మెంట్ పూర్తయ్యాకే. అందుకే నేను ఫోన్లో బేస్‌మెంట్‌లో గదుల గురించి చెబుతుంటే మా అమ్మ "అదేంటే, ఇల్లింకా పూర్తి కాలేదా?" అని కంగారు పడింది. నేలమాళిగ అనొచ్చు గానీ, ఆ మాట వినగానే రాజుగారి నిధీ, దానికి కాపలా కాసే పామూ గుర్తొస్తాయి. మన ఊళ్ళల్లో నేల కింద ఉండేది పాతర. అందులో ధాన్యం పోసేవాళ్ళు. మనుషుల్ని పెట్టేవాళ్ళు కాదు.

ఇక్కడి ఇళ్ళకి ఇది ఉండటానికి కారణం చలి. శీతాకాలంలో పైమట్టి గడ్డకట్టి ఉబ్బుతుంది. పునాది ఆ లోతు దాటి కిందకి పోవాలి, మా వైపు అది దాదాపు 3 అడుగులు. ఎలాగూ అంత తవ్వాం కదా, ఇంకో నాలుగైదు అడుగులు తవ్వితే ఓ అంతస్తు కలిసొస్తుందని తవ్వేస్తారు. డాలస్‌లో ఉన్న మా పిన్ని కూతురికి బేస్‌మెంట్ లేదు. అక్కడ అంత లోతు పునాది అక్కర్లేదు, పైగా ఆ బంకమట్టి తడిస్తే ఉబ్బి, ఎండితే కుంచించుకుపోయి గోడల్ని నెడుతుంది. "మీకు ఎంత చోటో!" అని తను కుళ్ళుకుంటుంది. చోటైతే ఉంది. దాన్ని ఏం చేస్తున్నాం అన్నదే ప్రశ్న.

పది ఇళ్ళకి వెళితే ఆరేడిళ్ళల్లో కనబడేది హోమ్ థియేటర్. ముదురు రంగు గోడలు, ఎనిమిది రిక్లైనర్లు, ప్రొజెక్టరు, మూల ఓ పాప్‌కార్న్ మెషిను. కారు కొనేంత డబ్బు అందులో పోస్తారు. గృహప్రవేశం నాడు అందరూ కిందకెళ్ళి ఓ పాట చూసి, శబ్దం గుండెల్లో మోగుతోందని మెచ్చుకుని పైకొచ్చి భోంచేస్తారు. ఆ తర్వాత మూడు నెలలు శుక్రవారాలు సినిమాలు నడుస్తాయి. నాలుగో నెల నుంచి పిల్లలు వాళ్ళ గదుల్లో ఫోన్లలో, ఆయన హాల్లో టీవీలో, ఆవిడ వంటింట్లో ఐప్యాడ్‌లో. ఎనిమిది కుర్చీలూ దుమ్ము పట్టకుండా దుప్పట్లు కప్పుకుని కూర్చుంటాయి. అవి నేలకి బిగించేసి ఉంటాయి కాబట్టి ఆ గది ఇంక దేనికీ పనికిరాదు. సినిమా మీద నాకేం కోపం లేదండీ. ఒక్క పనికే కుదిరే గది కట్టుకోవడం మీద కోపం.

ఇక అసలు విషయం. మన పెద్దవాళ్ళు విజిటర్ వీసా మీద వస్తే మామూలుగా ఆరు నెలలు ఉంటారు. ఆరు నెలలంటే చుట్టపుచూపు కాదు, కాపురమే. వాళ్ళకి కింద ఒక మంచం, ఒక బాత్రూం, ఒక టీవీ ఏర్పాటు చేసి "వాళ్ళ ప్రైవసీ వాళ్ళకుంటుంది" అంటాం. ప్రైవసీ కావాలని అడిగినవాళ్ళెవరు? మా అత్తగారికి ఆ మాటకి అర్థం చెప్పాల్సొస్తే నేను చాలా కష్టపడాలి.

బేస్‌మెంట్ మెట్లు పదమూడో పద్నాలుగో ఉంటాయి. మోకాళ్ళ నొప్పులున్న మనిషి ఉదయం కాఫీకి, స్నానం చేసి పూజకి, భోజనానికి, మళ్ళీ పడుకోవడానికి, మందులు మరిచిపోతే వాటికోసం, ఎన్నిసార్లు ఎక్కి దిగాలో ఓసారి లెక్క వేయండి. ఆ లెక్క వాళ్ళు మనకంటే ముందే వేసుకుంటారు. అందుకే పైకి రావడం తగ్గించేస్తారు. మనమేమో "కింద వాళ్ళకి బాగా అలవాటైపోయింది" అనుకుంటాం.

ఊళ్ళో ఆవిడ వీధి అరుగు మీద కూర్చుంటే పాలవాడి దగ్గర్నుంచి పక్కింటి కోడలి పుట్టింటి ప్రయాణం దాకా అన్నీ తెలిసేవి. ఇక్కడ కిందున్న మనిషికి తెలిసేది మన అడుగుల చప్పుడే. పిల్లలు బడినుంచి వచ్చారని చప్పుడుని బట్టి పోల్చుకోవాలి. వెలుతురు సరిగా లేని గదిలో తెల్లవారిందో లేదో గడియారం చూసి తెలుసుకోవాలి. అడిగితే మాత్రం "మాకేంటమ్మా, చల్లగా హాయిగా ఉంది" అంటారు. మన పెద్దవాళ్ళు కొడుకింట్లో ఇంతకంటే వేరే జవాబు ఎప్పుడైనా చెప్పారా?

ఇది మనసుకి సంబంధించిన సంగతే అనుకునేవాళ్ళకి ఇంకోటి చెప్పాలి. నేల కింద ఎవరైనా పడుకునే గది ఉంటే, ఆ గదికి నేరుగా బయటికి పోయే దారి ఉండాలన్నది ఇక్కడి కట్టడాల నిబంధన. కిటికీ అయితే తెరిచినప్పుడు సాధారణంగా 5.7 చదరపు అడుగుల ఖాళీ ఉండాలి, దాని కింది అంచు నేలకి 44 అంగుళాలకి మించి ఎత్తులో ఉండకూడదు. మంటలొచ్చి మెట్లదారి మూసుకుపోతే మనిషి ఎక్కి బయటపడటానికి, లేదా ఫైరువాళ్ళు లోపలికి దిగడానికి అంత కావాలి. మనవాళ్ళ బేస్‌మెంట్లలో చాలావాటికి ఉండేది పైకప్పుకి ఆనుకుని జానెడు కిటికీ. పిల్లి కూడా ఆలోచించి దూరాలి. ఇల్లు అమ్మేవాళ్ళు ఆ గదిని బెడ్‌రూమ్ అని రాయకుండా ఆఫీసు అనో, బోనస్ రూమ్ అనో రాసేది చాలాసార్లు అందుకే. కొనేవాళ్ళు అందులో మంచం వేస్తారు.

2021 సెప్టెంబరు 1 రాత్రి ఐడా తుఫాను వాన మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. మా వీధిలో సగం బేస్‌మెంట్లు మునిగాయి. మాకు పోయినవి కార్పెట్లూ అట్టపెట్టెలూ. పక్కనే న్యూయార్క్ నగరంలో ఆ రాత్రి చనిపోయినవాళ్ళలో ఎక్కువమంది బేస్‌మెంట్ ఇళ్ళల్లో ఉన్నవాళ్ళే. నీళ్ళు తలుపుని బయటినుంచి నెడుతుంటే ఆ తలుపు లోపలి మనిషికి తెరుచుకోదు.

మా ఇంట్లో ఏం చేశామంటే, కింది అంతస్తులో, అంటే నేల మీద ఉన్న అంతస్తులో, వీధి తలుపు పక్కన మావారి ఆఫీసు గది ఉండేది. అది మా అత్తగారి గది అయింది. ఆయన టేబులూ రెండు మానిటర్లూ బేస్‌మెంట్‌కి దిగాయి. ఆయన ఊరికే ఒప్పుకోలేదు. వైఫై అందదన్నారు, మీటింగుల్లో మొహం చీకటిగా కనబడుతుందన్నారు. వైఫైకి ఓ డబ్బా, మొహానికి ఓ లైటు కొన్నాం. నిజానికి రోజంతా తలుపేసుకుని, ఎవరూ మాట్లాడకపోతే బావుణ్ణు అనుకునే మనిషి ఇంట్లో ఒక్కరే ఉన్నారు. నేల కింద ఉండాల్సింది ఆయనే కదా. మా అత్తగారేమో ఇప్పుడు ఆ గది కిటికీలోంచి అమెజాన్ వ్యాను ఎవరింటికి ఎన్నిసార్లొచ్చిందో లెక్క చెబుతారు. ఆఫీసు గది లేనివాళ్ళకి డైనింగ్ రూమ్ ఉంటుంది. ఏడాదికి రెండుసార్లు కూడా కూర్చోని ఆ పెద్ద బల్లని కిందకి దింపి, అక్కడ మంచం వేసి పరదా కట్టినా తప్పులేదు.

అందరి బేస్‌మెంట్లూ ఒకటి కాదని నాకూ తెలుసు. వెనకవైపు నేల పల్లంగా ఉండి, తలుపు తీస్తే నేరుగా పెరట్లోకి వెళ్ళే వాకవుట్ బేస్‌మెంట్లు ఉంటాయి. వాటిలో ఎండొస్తుంది. మా స్నేహితురాలి నాన్నగారు అలాంటిదాన్లో ఉంటూ తలుపు ముందే బీరపాదు, గోంగూర మడీ వేసుకుని, తన పొయ్యి మీద తన కాఫీ కాచుకుని మహారాజులా ఉన్నారు. ఆయన తనకై తాను అడిగి తీసుకున్నారు. అది వేరే సంగతి.

మరి ఆ చోటుతో ఏం చేయాలంటారా? రంగులూ లైట్ల కంటే ముందు రెండు పనులున్నాయి. ఒకటి రేడాన్ పరీక్ష. మట్టిలోంచి వచ్చే ఈ వాయువుకి రంగూ లేదు, వాసనా లేదు. ఇక్కడ పొగతాగడం తర్వాత ఊపిరితిత్తుల కాన్సర్‌కి ఇదే పెద్ద కారణమని పర్యావరణ సంస్థ ఇ.పి.ఎ. చెబుతోంది. లీటరు గాలికి 4 పికోక్యూరీలు, ఆపైన వస్తే గొట్టం, ఫ్యానూ పెట్టించి బయటికి పంపేయమంటుంది. పరీక్ష కిట్ హార్డ్‌వేర్ షాపులో దొరుకుతుంది, పెద్ద ఖరీదేం కాదు. మావారిని కిందకి పంపే ముందు మేం చేసిన మొదటి పని అదే.

రెండోది తేమ. వేసవిలో డీహ్యూమిడిఫయర్ నడుస్తూ ఉండాలి. 30 నుంచి 50 శాతం మధ్య ఉంటే మంచిది, 60 దాటితే బూజు మొదలవుతుంది. నీళ్ళు తోడే సంప్ పంపుకి బ్యాటరీ కూడా ఉండాలి. కరెంటు పోయేది సరిగ్గా తుఫాను నాడే కదా. పట్టుచీరల పెట్టె మాత్రం కింద పెట్టకండి, ఎన్ని యంత్రాలున్నా సరే. వాస్తు సంగతి అడుగుతారని తెలుసు. నైరుతిలో గొయ్యి ఉండకూడదంటారు గానీ, ఇంటి కింద మొత్తం గొయ్యే ఉన్నప్పుడు ఏ దిక్కుకి భయపడాలో నాకైతే అర్థం కాలేదు.

ఇవయ్యాక నా సలహా ఏమిటంటే, దాన్ని వీలైనంత ఖాళీగా ఉంచండి. మన బతుకులకి కావలసింది కుర్చీలు కాదు, నేల. సంక్రాంతికి బొమ్మల కొలువు మెట్లు కట్టాలన్నా, భోగిపళ్ళు పోయాలన్నా, వరలక్ష్మీ వ్రతానికి ఇరవై మంది పీటలేసుకోవాలన్నా, బతుకమ్మ నాడు బయట వాన పడుతుంటే చుట్టూ తిరగాలన్నా, ఈ ఇళ్ళల్లో పైన ఎక్కడ కుదురుతుంది? హాలంతా సోఫాలే. మా కింద రెండు పెద్ద జంపఖానాలు చుట్టి ఓ మూల నిలబెట్టి ఉంటాయి. ఆదివారం ఉదయం ఎనిమిది మంది పిల్లలొచ్చి వాటిమీద కూర్చుని నా దగ్గర తెలుగు చదువుతారు. 'ళ' పలకడానికి వాళ్ళు పడే పాట్లు చూస్తుంటే నా డిగ్రీకి ఇన్నాళ్ళకి పని దొరికిందనిపిస్తుంది. తెలుగు పుస్తకాల అలమర బయటిగోడకి కాకుండా లోపలి గోడకి, నేలకి జానెడు ఎత్తులో పెట్టించాను.

కూచిపూడి నేర్చుకునే పిల్లలుంటే ఒక జాగ్రత్త. కాంక్రీటు మీద నేరుగా లామినేట్ పరిచి దానిమీద అడుగులు కొట్టించకండి, మోకాళ్ళూ పిక్కలూ పోతాయి. కింద చెక్కల పట్టీలు వేసి, కాస్త స్ప్రింగులా ఆడే నేల చేయించాలి. అలా చేస్తే కప్పు ఎత్తు రెండు మూడంగుళాలు తగ్గుతుంది. కనీసం 7 అడుగులు మిగులుతుందో లేదో ముందే కొలుచుకోండి, లేకపోతే కోలాటం కర్రలు లైట్లకి తగులుతాయి.

చేపల వేపుడు వాసన పైకి రాకూడదని కింద రెండో వంటిల్లు పెట్టేవాళ్ళున్నారు. పొగ బయటికి పోయే గొట్టం, పర్మిట్టు ఉంటే సరే, లేకుండా గ్యాస్ పొయ్యి మాత్రం వద్దు. ఆవకాయ జాడీలకి మాత్రం అంతకంటే మంచి చోటు లేదు. జులైలో కూడా చల్లగా ఉంటుంది, ఎండ పడదు, వచ్చిపోయేవాళ్ళ తడిచేతులు తగలవు.

డబ్బు సంగతీ ఓ మాట. కింద ఎంత ఖర్చుపెట్టినా ఇంటికి వెలకట్టేవాళ్ళు ఆ వైశాల్యాన్ని పై అంతస్తుల లెక్కలో కలపరు, విడిగా చూపిస్తారు. దాని విలువ పైదాని విలువంత ఉండదు. కాబట్టి అమ్మినప్పుడు వస్తుందిలే అని పాలరాయి బార్లు కట్టించకండి.

మా ఇంట్లో ఇంకా ఒక గోడ విషయం తేలలేదు. మావారికి అక్కడ తెర కావాలి. పైకి చుట్టేసే తెరైతే సరే, కుర్చీలు మాత్రం మడతపెట్టేవే అన్నాను. అత్తగారు ఆయన పక్షమే. సంక్రాంతి సినిమాలొచ్చే లోపు బిగించాలట, తను ఆ ఒక్కరోజూ మెల్లగా మెట్లు దిగుతారట.