పార్కు గేటు దగ్గర పెళ్లి పరీక్ష

హైదరాబాద్ ఇందిరా పార్కు గేటుకు కట్టిన బ్యానర్‌ను నగరపాలక సంస్థ జీహెచ్‌ఎంసీ 2021 ఆగస్టులో తీసేసింది. కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నామంది. ఆ వెంటనే, పార్కు లోపల నిఘా ఉంచాలని స్థానిక పోలీసులను కోరామని కూడా చెప్పింది. పెళ్లికాని జంటలకు ప్రవేశం లేదన్న మాట గేటు మీద ఇప్పుడు కనిపించదు. ఆ మాట రాయించిన బుద్ధి మాత్రం అలాగే ఉంది, దాన్ని అమలు చేసే పని ఖాకీలకు అప్పగించారు. ఈ క్షమాపణను మేము అంగీకరించలేం.

బ్యానర్ కట్టినవారూ, వారిని వెనకేసుకొస్తున్నవారూ చెబుతున్నది ఒకటే: జంటలంటే మాకు పడకపోవడమేమీ లేదు, అసభ్య చేష్టలను ఆపడానికే ఇదంతా, కుటుంబాలతో వచ్చేవారు ఇబ్బంది పడకూడదనే. ఈ వాదనలో నిజాయతీ లేదు. ఆపదలచుకున్నది అసభ్యతనే అయితే ‘పార్కులో అసభ్యంగా ప్రవర్తిస్తే చర్య తీసుకుంటాం’ అని రాసేవారు. ఎవరూ కాదనేవారు కాదు. అలా రాయలేదు. లోపల ఎవరు ఏం చేస్తారో చూడకముందే, అసలు గేటు దాటకముందే, ఇద్దరు మేజర్లను దోషులుగా తేల్చేశారు. వాళ్లు చేసిన తప్పల్లా పెళ్లి కాకపోవడం.

అసభ్యతకూ పెళ్లికీ చట్టం ఎక్కడ ముడిపెట్టింది? 2024 దాకా అమల్లో ఉన్న భారత శిక్షాస్మృతి 294వ సెక్షన్ ప్రకారం బహిరంగ ప్రదేశంలో అశ్లీలమైన పని జరగాలి, దానివల్ల ఇతరులకు చికాకు కలగాలి. రెండూ రుజువైతేనే నేరం. శిక్ష 3 నెలల వరకూ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. తాళి కట్టినవాడు చేస్తే మాఫీ అని అందులో లేదు, కట్టనివాడు పక్కన కూర్చుంటే నేరమనీ లేదు. పెళ్లి చేసుకుంటే పోలీసుల జోలి ఉండదన్న భరోసా కూడా అబద్ధమే. ఢిల్లీ ద్వారకలో మెట్రో స్తంభం దగ్గర ముద్దు పెట్టుకున్నారంటూ ఇదే సెక్షన్ కింద కేసు పెట్టింది ఒక భార్యాభర్తల మీద. పోలీసులు రాసిందంతా నిజమే అనుకున్నా, ఒక యువ దంపతుల ప్రేమ ప్రకటన అశ్లీల నేరం ఎలా అవుతుందని 2009లో ఢిల్లీ హైకోర్టు నిలదీయాల్సి వచ్చింది. అంటే పెళ్లికాని వారిని గేటు దగ్గరే ఆపుతారు, పెళ్లయినవారిని లోపలికి వెళ్లాక పట్టుకుంటారు. దీన్ని కుటుంబాల రక్షణ అంటే ఎలా నమ్మాలి?

పోనీ, ఈ నిబంధనను గేటు దగ్గర కాపలాదారు ఎలా అమలు చేస్తాడు? మగవాడి ఒంటి మీద పెళ్లయిన గుర్తు ఏదీ ఉండదు. చూపులన్నీ పోయేది ఆడపిల్ల మెడ మీదికీ, కాలివేళ్ల మీదికీ. తాళి ఉందా, మెట్టెలున్నాయా అని ఒక అపరిచితుడు ఆమె శరీరాన్ని తనిఖీ చేస్తాడు. అన్నతో వచ్చిన చెల్లెలు, పరీక్షలకు కలిసి చదువుకునే క్లాస్‌మేట్లు, ఆఫీసయ్యాక కాసేపు కూర్చుందామనుకున్న సహోద్యోగులు, మంగళసూత్రం వేసుకోవడం ఇష్టంలేని భార్య, ఆ ఆచారమే లేని మతాలవారు... వీళ్లంతా తమ బంధుత్వం ఏమిటో గేటు దగ్గర సంజాయిషీ ఇచ్చుకోవాలి. ఈ అవమానాన్ని ఊహించకుండానే ఒక ప్రభుత్వ విభాగం పరిధిలో ఆ బ్యానర్ ఎలా వెలిసింది?

పెళ్లి లేకుండా ఇద్దరు మేజర్లు కలిసి బతకడం నేరం కాదని 2010లో నటి ఖుష్బూ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పెళ్లికానివారు ఒకే హోటల్ గదిలో దిగడాన్ని ఏ చట్టమూ నిషేధించలేదని 2019లో మద్రాసు హైకోర్టు చెప్పింది. ఒకే ఇంట్లో ఉండగలిగిన ఇద్దరిని, పన్నుల డబ్బుతో నడిచే 76 ఎకరాల తోటలో ఒక బెంచీ మీద కూర్చోవద్దనే అధికారం మున్సిపల్ సిబ్బందికి లేదు.

నలుగురూ తిరిగేచోట బట్టలు తొలగించి శృంగారానికి దిగితే అది నేరమే, పిల్లలతో వచ్చినవారు ఫిర్యాదు చేయడమూ న్యాయమే. ఆ ఫిర్యాదు అందుకోవడానికి చట్టం ఉంది. భుజం మీద చెయ్యి వేసుకున్నవారినీ అదే గాటన కట్టడానికి మాత్రం ఏ చట్టమూ లేదు.

‘కేసులేం పెట్టరు, కాస్త భయపెట్టి పంపేస్తారు’ అని తేలిగ్గా అనేవాళ్లున్నారు. ఆ భయం ఎలాంటిదో వారికి తెలియదు. పార్కులో దొరికిన జంటను పోలీసు ముందు అడిగేది ‘మీ నాన్న నంబరెంత’ అని. కులం కాని వాణ్ని పెళ్లాడిందని 2018లో మిర్యాలగూడలో గర్భిణి కళ్లముందే భర్తను నరికించిన రాష్ట్రమిది. 2020లో గచ్చిబౌలి నుంచి ఎత్తుకెళ్లి ఒక అల్లుణ్ని చంపించిన రాష్ట్రమిది. ఇక్కడ ఆడపిల్ల ఇంటికి పోలీస్ స్టేషన్ నుంచి వెళ్లే ఫోన్‌తో ఆ రాత్రి ఆమెకేమవుతుందో ఫోన్ చేసిన కానిస్టేబుల్ పూచీపడతాడా? నిఘా కోరిన అధికారి పూచీపడతాడా?

ఫోన్ చేయకపోతే పెట్టీ కేసు. ఫైన్ కట్టేసి వెళ్లిపొమ్మంటారు. పరువు పోతుందన్న కంగారులో కుర్రాళ్లు కట్టేస్తారు. అది నేరం ఒప్పుకోవడమని వారికి ఎవరూ చెప్పరు. హరియాణాలో ఒక చిరుద్యోగి 294 కింద 20 రూపాయల జరిమానా కట్టినందుకు ఏకంగా ఉద్యోగం పోగొట్టుకున్నాడు. అది తిరిగి దక్కించుకోవడానికి సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది, 1996లో తీర్పు వచ్చింది. జంటల దగ్గర పోలీసులమని చెప్పి డబ్బు, నగలు గుంజుకునే ముఠాలకు బతుకుదెరువు కల్పిస్తున్నదీ ఈ భయమే. అసలు పోలీసులకు జంటలను నిలదీసే అలవాటు లేకపోతే నకిలీ పోలీసును ఎవరు నమ్ముతారు?

మరో సంగతి. 2019 ఫిబ్రవరి 14న మేడ్చల్ దగ్గర కండ్లకోయ పార్కులో బజరంగ్‌దళ్ కార్యకర్తలు ఒక జంటను పట్టుకుని బలవంతంగా తాళి కట్టించారు, వీడియో తీసి ఊరంతా తిప్పారు. అప్పుడు కేసు పెట్టింది మన పోలీసులే. పెళ్లి చేసుకోండి లేదా బయటికి పొండి అన్న ఆ మూక మాటకూ, పెళ్లికానివారికి ప్రవేశం లేదన్న ప్రభుత్వ పార్కు మాటకూ తేడా ఏమిటో జీహెచ్‌ఎంసీ చెప్పాలి. వచ్చే ఫిబ్రవరిలో ఆ మూక మళ్లీ కర్రలతో వస్తే, మీ బ్యానరే మాకు ఆదర్శమంటే, ఏం జవాబిస్తారు?

పార్కులో గోడ ఉంది, దీపాలున్నాయి, కాపలా ఉంది, చుట్టూ జనం ఉన్నారు. అక్కణ్నుంచి తరిమేస్తే జంటలు ప్రేమించుకోవడం మానరు, జనం లేని చోటికి వెళ్తారు. 2021 జూన్‌లో సీతానగరం పుష్కర ఘాట్ దగ్గర కాబోయే భర్తతో కూర్చున్న యువతి మీద జరిగిన అఘాయిత్యాన్ని రెండు తెలుగు రాష్ట్రాలూ ఇంకా మరచిపోలేదు. కృష్ణ ఒడ్డున ఆ సాయంత్రం ఉండాల్సింది పోలీసు కాపలా. బెంచీల మీద ఎవరి చెయ్యి ఎవరి భుజం మీద ఉందో చూడటానికి పోలీసులను పురమాయించే నగరం, ఆ కాపలాను చీకటి ఒడ్లకు పంపడం ఎప్పుడు నేర్చుకుంటుంది? మగపిల్లాడికి ఒక గది లేక, ఆడపిల్లకు ఒక తలుపు లేక, అత్తమామలతో ఒకే గదిలో సర్దుకునే కొత్త దంపతులకు మాట్లాడుకునే చోటు లేక కదా వీళ్లంతా పార్కుకు వస్తున్నది!

పోలీసులకు పంపిన నిఘా విజ్ఞప్తిని జీహెచ్‌ఎంసీ బహిరంగంగా ఉపసంహరించుకోవాలి. ఆ బ్యానర్‌ను ఎవరి ఆదేశంతో కట్టారో వెల్లడించి, బాధ్యుల మీద చర్య తీసుకోవాలి. ఫలానా చేష్ట ఫలానావారికి చికాకు కలిగించిందన్న ఫిర్యాదు లేనిదే ఏ జంటనూ ప్రశ్నించవద్దని, పెళ్లయిందా అని అడగవద్దని, మేజర్ల తల్లిదండ్రులకు ఫోన్ చేయవద్దని నగర పోలీసు కమిషనర్ రాతపూర్వకంగా ఆదేశించాలి. ఆ ఆదేశాన్ని తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషుల్లో నగరంలోని ప్రతి పార్కులో ప్రదర్శించాలి.