బొమ్మలో బిగిసిపోతున్న తెలుగు

కడియం, కడియపులంక నర్సరీలవాళ్లు వెబ్‌సైట్ చేయించుకోవాలంటే ముందుగా అడిగేది హంగులే. పేజీ తెరవగానే పూల వీడియో ఆడాలి, నర్సరీ పేరు మెరుస్తూ రావాలి. ఆ కోరికలో తప్పు లేదు. పూలమ్మేవాళ్లు పూలు చూపించక ఏం చూపిస్తారు? చిక్కంతా ఆ వీడియో మీద రాసే తెలుగుతోనే.

ఫ్లెక్సీలకైనా శుభలేఖలకైనా మన డీటీపీ సెంటర్లలో అను ఫాంట్ల అలవాటు బలంగా నాటుకుపోయింది. అవి యూనికోడ్ కావు. దాంతో మొక్క పేరు, ధర, ఫోన్ నంబరు అన్నీ ఫొటోషాప్‌లో పేర్చి ఒకే బొమ్మగా సైట్‌లోకి ఎక్కించేస్తారు. చూపు లేని కొనుగోలుదారు, తెర మీది అక్షరాలను చదివి వినిపించే టాక్‌బ్యాక్‌తో ఆ పేజీ తెరిస్తే, అక్కడ బొమ్మ ఉందని మాత్రం చెప్పి ఫోన్ ఊరుకుంటుంది. మొక్క ఏదో, ధర ఎంతో తెలియదు. చత్వారం వచ్చిన పెద్దాయన అక్షరాలు పెద్దవి చేద్దామని చూస్తే అవి అలుక్కుపోతాయి. నంబరు మీద నొక్కినా కాల్ వెళ్లదు. అవే వివరాలు యూనికోడ్‌లో టైపు చేసి వీడియో కింద పెడితే ఈ తిప్పలన్నీ తప్పుతాయి. గూగుల్‌లో వెతికేవాళ్లకూ ఆ నర్సరీ తేలిగ్గా దొరుకుతుంది. యజమాని చెవికెక్కేది ఈ ఆఖరి మాటే కాబట్టి డిజైనర్ దీన్నే ముందు చెప్పాలి.

ఇక అక్షరాలకు ఏ రంగు వేయాలన్న తగువు లెక్కతో తేలుతుంది. వెబ్ ప్రమాణాలు రూపొందించే డబ్ల్యూ3సీ మార్గదర్శకాల ప్రకారం మామూలు సైజు అక్షరాలకూ వెనక రంగుకూ మధ్య కాంట్రాస్ట్ కనీసం 4.5:1 ఉండాలి. తెలుపు మీద నలుపుకు అది 21:1, నిండు పసుపుకు 1.07:1 మాత్రమే. ఎండలో నిలబడి ఫోన్ చూసేవాళ్లకు, కళ్లు బాగున్నా, ఆ పసుపు అక్షరాలు ఆనవు. వెబ్‌ఎయిమ్ సంస్థ 2025లో పది లక్షల హోంపేజీలను పరీక్షిస్తే 79 శాతం పేజీల్లో ఈ లోపం కనిపించింది.

చట్టమూ ఉంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 46వ సెక్షన్ ప్రకారం అందుబాటు నిబంధనలు ప్రైవేటు సేవలకూ వర్తిస్తాయి. ఆ నిబంధనలు సలహాలుగా మిగిలిపోకూడదని, తప్పనిసరి చేయాలని రాజీవ్ రాతూరి కేసులో 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు ఆదేశించింది. అందుకు కోర్టుకు తోడ్పడిన నివేదిక హైదరాబాద్ నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలోని దివ్యాంగుల అధ్యయన కేంద్రానిది. కనురెప్పలు ఆడించలేని యాసిడ్ దాడి బాధితులు కేవైసీ పూర్తి చేయలేకపోతున్న కేసులో 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు మరో అడుగు వేసి, డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమేనంది.

అయినా చిన్న వ్యాపారిని చట్టం పేరుతో బెదిరించడం సరికాదు. అలాగని సైట్‌ను అందరికీ అందేలా తీర్చే పనిని కొటేషన్‌లో విడి పద్దుగానూ వేయకూడదు. బేరమాడేటప్పుడు ముందు ఎగిరిపోయేది అదే. అసలు ధరలోనే కలిపేయాలి.

2027 గోదావరి పుష్కరాలకు రాజమహేంద్రవరం లాడ్జీలు, పాపికొండల బోట్లవాళ్లు సైట్లకు కొత్త రంగులు వేయించుకోక మానరు. అప్పగించే ముందు డిజైనర్ మౌస్ పక్కన పెట్టి, ఒక్క కీబోర్డుతో గది బుక్ చేసి చూడాలి. తనంతట తానే మొదలై అయిదు సెకన్లు దాటి ఆడే వీడియోకు ఆపే బటన్ ఉందో లేదో యజమాని ఎదుటే సరిచూడాలి.