సౌండు తగ్గితే జబ్బు తగ్గినట్టేనా?

సావనీరులో మోటారు సైకిలు గోల ఏమిటని నవ్వుకునే మిత్రులకు ముందుగా ఒక దండం. కవితలు రాసేవాళ్ళు మన కాలేజీలో కావలసినంత మంది ఉన్నారు. నాకు తెలిసినవల్లా మార్టూరు, మిరప చేను, మా నాన్న యమహా ఆర్.ఎక్స్. 100. ఆ బండి సంగతి చెప్తూ చివరికి మన ప్రాక్టికల్సు మీదికి వస్తాను. అధ్యాపకులు కూడా కాస్త ఓపిక పట్టాలని మనవి.

1985లో మన దేశంలో అమ్మకానికొచ్చి, 1996లో తయారీ ఆగిపోయిన బండి ఇది. 98 సి.సి. ఇంజను, 11 గుర్రాల బలం. మా ఊళ్ళవైపు స్పోర్ట్స్ కారు ఏదయ్యా అంటే ఇదే!

రెండేళ్ళ క్రితం సంక్రాంతి సెలవులకు వెళ్తే, ఈ బండి స్టాండు మీదుండగానే రంకెలు వేస్తోంది. ఎక్స్‌లేటర్ వదిలేసినా సౌండు దిగి రాదు. “స్లో కాస్త తగ్గిస్తే సరిపోద్దిరా” అన్నాడు నాన్న. మెకానిక్ బాబాయ్ కూడా అదే అన్నాడు. స్లో స్క్రూ అర చుట్టు వదులు చేశాడు, బండి బుద్ధిగా డుగుడుగుమంది. వారానికి మళ్ళీ రంకె, మళ్ళీ అర చుట్టు. ఇలా మూడుసార్లు జరిగింది. నాలుగోసారి బండి మా మాట వినలేదు. నాన్న చిలకలూరిపేట నుంచి వస్తుంటే హైవే మీద పిస్టన్ పట్టేసింది. వెనక చక్రం బిగుసుకుపోయి బండి జారింది. వెనక గ్రానైటు రాళ్ళ లారీ. క్లచ్ నొక్కి పక్కకు లాగబట్టి మోచెయ్యి దోక్కుపోవడంతో పోయింది. అమ్మ వారం రోజులు సరిగ్గా అన్నం తినలేదు.

బోరు చేయించి కొత్త పిస్టన్ వేయించాం. అర టిక్కీ మిర్చి డబ్బులు అయ్యాయి. బండి స్టార్ట్ చేశాం. ఏముంది, మళ్ళీ అదే రంకె! బాబాయ్ చెయ్యి స్క్రూ మీదికి పోయింది. నేను ఆ చెయ్యి పట్టుకున్నాను. బియస్సీ చదువుతున్నందుకు ఆ ఒక్కరోజైనా పనికొచ్చాననిపించింది.

ఇద్దరం కూర్చున్నాం. హ్యాండిల్ అటూ ఇటూ పూర్తిగా తిప్పి చూశాం. సౌండు మారలేదు కాబట్టి ఎక్స్‌లేటర్ వైరు బిగుతుగా లేదు. స్లో స్క్రూ పూర్తిగా వదిలేశాం. న్యాయంగా ఇంజను ఆగిపోవాలి, ఆగలేదు. చోక్ లాగితే, అంటే పెట్రోలు పాలు పెంచితే, సౌండు దిగింది. అంటే ఎక్కడో గాలి ఎక్కువవుతోందన్నమాట. కార్బురేటర్ వెనక రబ్బరు చుట్టూ చుక్క చుక్క ఆయిల్ వేశాం. అక్కడ సందు ఉంటే ఆయిల్ దాన్ని మూసి సౌండు మారాలి. మారలేదు. “మరింకెక్కడరా?” అన్నాడు నాన్న. మ్యాగ్నెట్ ఊడదీస్తే దాని వెనక ఆయిల్ సీలు అట్టలా ఎండిపోయి ఉంది. దాని ఖరీదు ఒక సినిమా టిక్కెట్టంత!

టూ స్ట్రోక్ ఇంజనులో క్రాంక్ గదే పంపు. పిస్టన్ పైకి పోయినప్పుడు ఆ గదిలో ఒత్తిడి తగ్గి, కార్బురేటర్ నుంచి గాలీ పెట్రోలూ లోపలికొస్తాయి. సీలు చెడితే దొంగ గాలి దూరుతుంది. దొంగ గాలికి పెట్రోలు తోడుండదు. మిశ్రమం పలచబడి ఇంజను ఊరికే హోరెత్తుతుంది, కాగిపోతుంది, ఆఖరికి పిస్టన్ ఉబ్బి సిలిండరును పట్టుకుంటుంది. అంటే ఆ రంకె మాకు ముందుగా అందిన కబురు. మేము స్క్రూ తిప్పి దాని నోరు నొక్కాం. ఇంగ్లండు వాళ్ళ ఎంజీ, ట్రయంఫ్ పాత స్పోర్ట్స్ కార్లలోనూ కార్బురేటర్ లోపలి ఇరుసు అరిగి ఇలాగే గాలి లాగుతుంది. అక్కడా స్క్రూ తిప్పి తృప్తిపడే నాన్నలు ఉండే ఉంటారు.

నాకు విడ్డూరమనిపించేది మరొకటుంది. చేలో మా నాన్న ఇలా చేయడు. మిరపాకు ముడుచుకుంటే వెంటనే మందు కొట్టడు. ఆకు పైకి ముడిచిందా, కిందికా అని చూస్తాడు. పైకయితే తామర పురుగు, కిందికయితే నల్లి. రెంటికీ మందులు వేరు. 2021లో నల్ల తామర పురుగు తోటల్ని ఊడ్చేసినప్పుడు కూడా పూలు విప్పి చూశాకే కొట్టుకెళ్ళాడు. అంత ఎరుక ఉన్న మనిషి బండి దగ్గరికొచ్చేసరికి స్క్రూ తిప్పాడు. ఆయన్ని అనడానికి నాకు మాత్రం ఏం హక్కుంది?

ఎందుకంటే మన ల్యాబులో నేను చేసిందీ అదే. లోలకం ప్రయోగంలో ‘జి’ విలువ 1080 దాటింది. పక్కవాడి రికార్డులో 980 ఉంది. నా టైములు నాలుగు దిద్ది 980 తెప్పించాను. మార్కులు బాగానే పడ్డాయి. అసలు తప్పెక్కడో బండి బాగయ్యాక గానీ తెలియలేదు. ఇరవై ఊపుల్ని సున్నా నుంచి కాక ఒకటి నుంచి లెక్కపెట్టాను. వచ్చిన కాలం పంతొమ్మిదింటిది, భాగించింది ఇరవైతో! ఇంకో తమాషా, మన ప్రాంతంలో ‘జి’ దాదాపు 978. నేను దొంగతనంగా తెచ్చిన 980 కూడా సరైనది కాదు.

అధ్యాపకులకు నా విన్నపం ఒక్కటే. ప్రాక్టికల్ పరీక్షలో ఒక్క పరికరమైనా కావాలని చెడగొట్టి ఇవ్వండి. తప్పెక్కడుందో పట్టుకున్నవాడికి సగం మార్కులు వేయండి. జవాబు తప్పొచ్చినా ఎందుకొచ్చిందో రాసిన రికార్డును కొట్టేయకండి. ఇలా చేస్తే రిజల్ట్సు తగ్గుతాయంటారేమో. మొదటి ఏడాది తగ్గితే తగ్గనివ్వండి సార్! ఇప్పుడు పెరిగి కనిపిస్తున్నది స్క్రూ తిప్పితే వచ్చిన సౌండే కదా.

మొన్న నాన్న ఫోన్ చేశాడు. బండి మళ్ళీ కాస్త ఎక్కువ తిరుగుతోందట. “నేను ముట్టుకోలేదురా, హ్యాండిల్ ఎడమకి తిప్పితే సౌండు పెరుగుతోంది” అన్నాడు. ఈసారి వైరే అయ్యుంటుంది. ఆదివారం వెళ్తున్నాను.