పెరటిలోని మాగ్నోలియా

మాగ్నోలియా అన్న పేరు వినగానే తెలుగు పాఠకునికి ఏ అమెరికన్ నవలో, ఏ చలిదేశపు ఉద్యానవనమో స్ఫురిస్తుంది. కాని ఆ కుటుంబానికి చెందిన వృక్షం తరతరాలుగా మన ఆలయ ప్రాంగణాల్లోను, పెరళ్ళలోను పూస్తూనే ఉన్నది. అదే సంపెంగ.

1753లో లిన్నేయస్ ఈ చెట్టుకు, ఇటలీ శాస్త్రజ్ఞుడు మికేలీ పేరు మీదుగా, ‘మిఖేలియా చంపక’ అని నామకరణం చేశాడు. నేటి వృక్షశాస్త్రం దీనిని ‘మాగ్నోలియా చంపక’గా పరిగణిస్తున్నది. తేనెటీగలు భూమిపై అవతరించక పూర్వమే ఆవిర్భవించినట్లు చెప్పదగిన వంశమిది. అందుచేతనే కాబోలు, ఈ కుటుంబపు పూలలో పరాగ సంపర్కం ప్రధానంగా పెంకుపురుగుల వల్ల జరుగుతుంది. సంపెంగ దరికి తుమ్మెద చేరదని మన ప్రబంధకవులు ఏనాడో చెప్పి ఉండడం ముచ్చటైన విషయం.

సంపెంగను పెంచదలచినవారు మొదట స్థలం చూచుకోవాలి. అడవులలో ఇది నూరడుగులు దాటి పెరుగుతుంది. ఇంటి గోడకు కనీసం పదిహేను అడుగుల ఎడం ఉండాలి. నీరు నిలవని, సారవంతమైన, కొద్దిపాటి ఆమ్లగుణం గల నేల దీనికి ప్రీతికరం. సున్నపు పాలు ఎక్కువైన నేలలో లేతాకులు పసుపుబారి, ఎదుగుదల కుంటుపడుతుంది. తొలకరి వానలు పడగానే రెండడుగుల గోతిలో బాగా చివికిన పశువుల ఎరువు కలిపి నాటడం మేలు.

సంపెంగ మొక్కలు అశ్రద్ధ వల్ల చనిపోయినంతగా అతిశ్రద్ధ వల్లనూ చనిపోతాయి. దీని వేళ్ళు కండ గలవి, పెళుసైనవి, నేల పైపొరలోనే వ్యాపించేవి. కలుపు తీయాలని పాదులో గునపం దింపితే అవి తెగుతాయి. రోజూ నీరు నింపితే కుళ్ళుతాయి. ఒకసారి నాటిన మొక్కను వేరొక చోటికి మార్చితే తరచు కోలుకోదు. పాదులో ఎండుటాకులు పరచి, పైమన్ను ఆరిన తర్వాతనే తడి ఇవ్వాలి. కొమ్మలు నరికిన గాయాలు మెల్లగా మానుతాయి గనుక కత్తికి పని తగ్గించాలి.

గింజ నుంచి పెరిగిన మొక్క పూయడానికి సాధారణంగా ఎనిమిది, పదేళ్ళు పడుతుంది. నాటినవారు తొలిపూవు కోసేనాటికి ఒడిలోని బిడ్డ బడిలో పై తరగతులకు చేరుతుంది. అంత ఓపిక లేనివారికి అంటుమొక్క ఉన్నది. అది రెండు మూడేళ్ళలోనే మొగ్గ తొడుగుతుంది. తెల్ల సంపెంగ సంకరజాతి. సాధారణంగా గింజ కట్టదు గనుక దానికి అంటే శరణ్యం.

గింజలే నాటదలచినవారు కాయ పగిలిన వెంటనే సేకరించి, వాటిపై ఉన్న ఎర్రని గుజ్జును కడిగివేసి, తడి ఆరకముందే విత్తాలి. మొలకెత్తే శక్తి కొద్ది వారాలలోనే నశిస్తుంది. చెట్టు పదేళ్ళు ఆగమంటుంది గాని, దాని గింజ మాత్రం ఆగదు.