ఆ ఎనిమిది గంటలు ఏ భాషవి?

మన పిల్లల చదువు గురించి మాట్లాడేటప్పుడు మనం సాధారణంగా బడి దగ్గరే ఆగిపోతాం. తెలుగు బడి మూతపడిందా, ఖాళీ అయిన తెలుగు ఉపాధ్యాయుని స్థానాన్ని నింపారా, పాఠ్యపుస్తకాలు వేళకు అందాయా అన్నవే మన ప్రశ్నలు. అవి న్యాయమైన ప్రశ్నలే. అయితే పన్నెండో తరగతి దాటి కళాశాల మెట్లెక్కిన బిడ్డ అక్కడ ఎలా చదువుతున్నాడో మనం విచారించడం లేదు. సరిహద్దు జిల్లాలోని ఒక డిగ్రీ కళాశాలలో చాలాకాలం గణితం బోధించినవాడిగా నేను ఒక సంగతి గమనించాను. మొదటి సెమిస్టరు గణితంలో వెనుకబడే మన పిల్లల్లో చాలామంది తెలివితక్కువవాళ్లు కారు, పాఠం విననివాళ్లూ కారు. పాఠానికీ పరీక్షకూ నడుమ ఉండవలసిన వారం వాళ్లకు దక్కడం లేదు. నేను చెప్పదలచింది ఆ వారం గురించే.

గణిత కోర్సు అంటే వరుసగా చెప్పుకుపోయే ఉపన్యాసాలని మన ఇళ్లలో అనుకుంటారు. మంచి విశ్వవిద్యాలయాలు అలా అనుకోవు. అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో బోధించే రేఖీయ బీజగణితం కోర్సునే చూడండి. గిల్బర్ట్ స్ట్రాంగ్ అనే ఆచార్యుడు దశాబ్దాలపాటు బోధించి, 2023లో చివరి పాఠం చెప్పిన కోర్సు అది. ఆయన పాఠాల వీడియోలను ఆ సంస్థ ఓపెన్ కోర్స్‌వేర్ ద్వారా ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. అక్కడి వారంలో మూడు రోజులు ఒక్కో గంట ఉపన్యాసం ఉంటుంది. మరొక రోజు చిన్న బృందంగా కూర్చుని సందేహాలు తీర్చుకుంటూ లెక్కలు చేసే గంట ఒకటి ఉంటుంది. వీటికి తోడు దాదాపు ప్రతి వారం ఇంటివద్ద చేసి తేవలసిన లెక్కలుంటాయి. కోర్సు వివరాల్లో 4-0-8 అని మూడు అంకెలు వేస్తారు. తరగతి గంటలు నాలుగు, ప్రయోగశాల సున్న, విద్యార్థి సొంతంగా కూర్చుని కష్టపడవలసిన గంటలు ఎనిమిది అని వాటి అర్థం. అంటే తరగతిలో గడిపిన దానికి రెట్టింపు కాలం బయట గడపాలని విశ్వవిద్యాలయమే రాతపూర్వకంగా చెబుతోంది.

ఎందుకింత? గణితం చెవిగుండా లోపలికి పోయే విద్య కాదు గనక. సదిశల రేఖీయ స్వాతంత్ర్యానికి నిర్వచనం అయిదు నిమిషాల్లో చెప్పవచ్చు, పది నిమిషాల్లో బట్టీ పట్టవచ్చు. కాని (1, 2, 3), (4, 5, 6), (7, 8, 9) అనే మూడు సదిశలు స్వతంత్రమా కాదా అని అడిగితే ఆ బట్టీ పనికిరాదు. కాగితం మీద కాసేపు కుస్తీ పట్టాలి. రెండోదాన్ని రెట్టింపు చేసి, అందులోంచి మొదటిది తీసివేస్తే మూడోది వస్తుందని తానుగా కనిపెట్టాలి. అప్పుడు విద్యార్థి, "ఓహో, మూడోది మిగతా రెండింటి అప్పు మీద బతుకుతోంది" అంటాడు. నిర్వచనం అతనికి వంటపట్టేది ఆ మాట అన్న క్షణంలోనే. ఆ మాట ఇంగ్లీషులో రాదు. ఇంట్లో మాట్లాడే భాషలోనే వస్తుంది.

మన దేశంలోనూ ఈ ఏర్పాటు కాగితం మీద ఉంది. వారానికి ఒక గంట ఉపన్యాసం గాని, ట్యుటోరియల్ గాని ఒక క్రెడిట్ అని యూజీసీ 2015 నాటి విధానంలో నిర్వచించింది. ఐఐటీల్లో 3-1-0 అంటే మూడు ఉపన్యాసాలు, ఒక ట్యుటోరియల్ అని అర్థం. 2023లో వచ్చిన జాతీయ క్రెడిట్ చట్రం 30 అధ్యయన గంటలకు ఒక క్రెడిట్ అని లెక్కకట్టింది. ఐఐటీలూ బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి ప్రారంభించిన ఎన్‌పీటీఈఎల్ పన్నెండు వారాల కోర్సుల్లో వారం వారం అభ్యాసాలిచ్చి, వాటిలో మెరుగైన ఎనిమిదింటి సగటుకు 25 శాతం విలువ ఇస్తుంది. కాని జిల్లా కళాశాలల్లో జరుగుతున్నది వేరు. కాలపట్టికలో ట్యుటోరియల్ అని రాసి ఉన్న గంట సిలబస్ పూర్తిచేయడానికి పోతుంది. ఇంటిలెక్కల చోటు గైడు ఆక్రమిస్తుంది. "సార్, సూత్రం వచ్చు, లెక్క రాదు" అని పిల్లవాడు చెప్పుకోవడానికి వారంలో ఒక్క గంటైనా మిగలదు.

ఈ నష్టం అందరిదీ అయినా మన పిల్లలకు రెండింతలు. వాళ్లు ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీనో, తరగతిలో ఇంగ్లీషు వింటారు. ఉపన్యాసం ఏకపక్షం, అర్థం కాకపోయినా తల ఊపి బయటపడవచ్చు. అందరి ముందూ ఇంగ్లీషులో ప్రశ్న అడగడానికి మాత్రం నోరు రాదు. ప్రశ్న నోట్లోనే చచ్చిపోయిన చోట గణితం కూడా చచ్చిపోతుంది. కనుక మన భాషాహక్కుల పోరాటంలో ఉపన్యాసం ఏ భాషలో సాగాలన్న వాదంతో పాటు, సందేహం ఏ భాషలో అడగవచ్చు అన్నది కూడా చేరాలని నా అభిప్రాయం.

తెలుగు గణితానికి చాలదనే మాట చరిత్ర తెలియనివారిది. రాష్ట్రకూట అమోఘవర్షుని కాలంలో, తొమ్మిదో శతాబ్దిలో, మహావీరాచార్యులు సంస్కృతంలో రచించిన గణితసారసంగ్రహాన్ని పదకొండో శతాబ్దిలోనే పావులూరి మల్లన తెలుగు చేశాడు. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ మాత్రిక, నిర్ధారకం, సదిశ, అవధి వంటి మాటలతో కళాశాల గణితాన్ని తెలుగులో అచ్చువేసింది. మాత్రికల విలోమ భావనను విస్తరించిన సి.ఆర్. రావు 1920లో నాటి బళ్లారి జిల్లా హూవిన హడగలిలో తెలుగు కుటుంబంలో పుట్టినవారే. పొరుగు రాష్ట్రపు నేల మీద పుట్టిన తెలుగు బిడ్డకు గణితం పరాయిది కాదు.

పరీక్ష ఇంగ్లీషులో రాయాలి కదా, తెలుగులో చర్చిస్తే నష్టం కాదా అని కొందరు తల్లిదండ్రులు అడుగుతారు. ఆ భయం అర్థం చేసుకోదగిందే. నా సమాధానం ఒక్కటే: ఆలోచన తెలుగులో జరగనివ్వండి, జవాబు పరీక్ష భాషలో రాయించండి. రెండూ వేర్వేరు పనులు, రెండింటికీ అభ్యాసం కావాలి. అర్థం కాని లెక్కను ఇంగ్లీషులో అందంగా రాసినా మార్కులు రావు. అర్థమైన లెక్కను పరీక్ష భాషలో రాయడం మూడు నాలుగు వారాల సాధనతో పట్టుబడుతుంది.

ఇందుకు ప్రభుత్వపు ఉత్తర్వు కోసం ఎదురుచూడనక్కరలేదు. ఊళ్లో డిగ్రీ గణితం చదివే నలుగురైదుగురిని ఆదివారం రెండు గంటలు ఒకచోట కూర్చోబెట్టండి. ఆ వారపు పాఠంలోంచి ఆరు లెక్కలు ఎంచుకోమనండి. ముందు ఎవరికి వారు ప్రయత్నించాలి, తరువాత నోరారా తెలుగులో వాదించుకోవాలి, చివరికి ఎవరి జవాబు వారు పరీక్ష భాషలో రాసుకోవాలి. పై తరగతి విద్యార్థి ఒకరు తోడుంటే మరీ మంచిది. పక్కింటి కన్నడ పిల్లవాడో తమిళ పిల్లో వస్తే వాళ్లకూ చోటివ్వండి. వాళ్ల కష్టమూ ఇదే. ఇంట్లో చదివే గంటల్లో పిల్లలకు పనులు పురమాయించకండి. కళాశాలకు వెళ్లినప్పుడు హాజరు, ఫీజులతో పాటు ట్యుటోరియల్ గంట జరుగుతోందా అని కూడా అడగండి. జరగకపోతే పదిమంది తల్లిదండ్రులు కలిసి అర్జీ పెట్టండి.

బడిలో తెలుగు కోసం మనం చాలాకాలంగా పోరాడుతున్నాం, ఇకముందూ పోరాడాలి. కాని వారంలో ఆ ఎనిమిది గంటలు ఎవరూ మన నుంచి లాక్కోలేదు. వాటిని తెలుగులో నింపుకోవడం మన చేతిలోనే ఉంది.